హాంబుర్గ్‌లో నువ్వుండేదీ లంకే అమ్మాయ్

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మొగల్తూరు. పెళ్ళికి ముందు భీమవరంలో ప్రైవేట్ స్కూల్లో నాలుగేళ్ళు మేథ్స్ చెప్పేను. మా ఆయనకి జర్మనీలో హాంబుర్గ్‌లో విమానాల ఫ్యాక్టరీలో మూడేళ్ళ కాంట్రాక్టు, ఈ జనవరిలో నన్ను తీసుకెళ్ళేరు. విల్‌హెల్మ్స్‌బుర్గ్ అనే ఏరియాలో నాలుగో ఫ్లోర్. ఏడు నెలలున్నాను. ఈ ఏడు నెలల్లో నాతో మాట్లాడిన జర్మన్ మనిషి ఒక్కావిడే, కింద ఫ్లోర్ ముసలావిడ, అదీ చెత్త తప్పు డబ్బాలో వేసేనని తిట్టడానికి. రోజంతా అమ్మకి వీడియో కాల్ చేసి ఆన్‌లోనే ఉంచుకుని వంట చేసుకుంటాను. చేపల పులుసు పెట్టాలంటే వాసనకి ఎవరేమంటారో అని భయం. ఆదివారమైతే ఊరికి ఊరే చచ్చిపోయినట్టుంటుంది. జ్వరమొస్తే డాక్టరు టీ తాగి పడుకోమన్నాడు. చెల్లి పెళ్ళికని శ్రావణంలో వచ్చేను, దసరా అయ్యేక వెళ్ళాలి, ఇంకా మూడు వారాలుంది, టికెట్ చూస్తేనే కడుపులో తిప్పేస్తోంది. మా ఆయనేమో సర్దుకుపోవాలి అంటారు. ఇక్కడ అమ్మమ్మ పక్కన కూచుని లేసు అల్లుకుంటుంటే ఇంక వెళ్ళబుద్ధి కావట్లేదు. ఎలా సర్దుకోవాలో చెప్పండి.

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరం చదువుతుంటే మధ్యలో నవ్వొచ్చింది, కోప్పడకు, ఎందుకంటే నేనూ ఆ లంకలోనే ఉండొచ్చేను. 2013 నించి 2019 దాకా హాంబుర్గ్‌లో ఉన్నాం, అందులో మొదటి మూడేళ్ళూ విల్‌హెల్మ్స్‌బుర్గ్‌లోనే, మూడో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, బియ్యం బస్తా ఇద్దరం చెరో వైపూ పట్టుకుని మోసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా అత్తారూళ్ళో కొబ్బరి తోట చూసుకుంటూ ఇదిగో ఇలా జవాబులు రాసుకుంటున్నాను. లంక అంటోందేంటి ఈవిడ అనుకుంటున్నావు కదా, వస్తాను ఆ మాటకి, కాస్త ఆగు.

ముందు నీ తప్పు లేనిది ఒకటి చెప్పేస్తాను. నువ్వు వెళ్ళింది జనవరిలో. హాంబుర్గ్‌కి కొత్తగా వెళ్ళడానికి అంతకన్నా చెడ్డ నెల లేదు. డిసెంబర్ జనవరిల్లో పొద్దున్న ఎనిమిదిన్నరకి గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా దీపాలెట్టేస్తారు, మధ్యలో ఉన్నదీ ఎండ కాదు, బూడిద రంగు. మొగల్తూరు సంక్రాంతి ఎండలోంచి తీసుకెళ్ళి అందులో పడేస్తే ఎవరికైనా దిగులే. అదే జూన్‌లో రాత్రి దాదాపు పది దాకా వెలుగుంటుంది, నువ్వు అది చూసే ఉంటావు కానీ అప్పటికే మనసు విరిగిపోయి ఉంటుంది కాబట్టి ఎక్కి ఉండదు.

ఇప్పుడు నీ వైపుది. నీ ఉత్తరంలో రెండు మాటలున్నాయి చూడు, మీ ఆయన సర్దుకుపోవాలి అన్నారు, నువ్వేమో ఎలా సర్దుకోవాలి అని అడిగేవు. సర్దుకుపోవడమంటే నోరు మూసుకుని రోజులు లెక్కెట్టుకోవడం, అది నువ్వు ఏడు నెలలు చేసేవు, బాగానే చేసేవు, ఫలితం కనిపిస్తోంది కదా. సర్దుకోవడమంటే సామాన్లు సర్దుకున్నట్టు, ఏది ఎక్కడుండాలో నువ్వు పెట్టుకోవడం. నువ్వడిగినదే సరైన ప్రశ్న, మీ ఆయనకి ఈ పేరా చదివి వినిపించు.

మొగల్తూర్లో నువ్వు రెండ్రోజులు వీధిలోకి రాకపోతే ఏమవుతుంది? పాలు పోసే ఆవిడ అడుగుతుంది, ఎదురింటి పిన్ని అడుగుతుంది, గుళ్ళో పంతులుగారు అమ్మాయి కనపడట్లేదేవిటి అంటారు, ఒక్కోసారి విసుక్కుంటాం కూడా, వీళ్ళకెందుకూ అని. ఆ విసుగే మన ఊరు. అక్కడ నువ్వు ఏడు నెలలున్నా, నువ్వు ఒకవారం కనపడకపోతే ఏమైందీ అని అడిగే మనిషి మీ ఆయన తప్ప ఇంకోళ్ళు లేరు. పరాయి దేశంలో కుదురుకోవడం అంటే నాకు తెలిసినంతలో అంతే, భాష పూర్తిగా రానక్కర్లేదు, వాళ్ళ తిండి నచ్చక్కర్లేదు, రాకపోతే అడిగే మనిషి ఒకళ్ళుండాలి. ఆ ఒకళ్ళు దొరకాలంటే ఒకే చోటికి, ఒకే రోజున, ఒకే టైముకి, వారం వారం వెళ్ళాలి. ఊరంతా తిరిగి చూడ్డం కాదు, ఊరంతా తిరిగితే టూరిస్టువి, అందరూ నీకు కొత్తే, అందరికీ నువ్వు కొత్తే.

ఎక్కడికి వెళ్ళాలి అంటావా, లైబ్రరీకి. హాంబుర్గ్‌లో బ్యూషర్‌హాలెన్ అని పబ్లిక్ లైబ్రరీలు ఊరంతా ఉంటాయి, విల్‌హెల్మ్స్‌బుర్గ్‌లోనూ ఒక బ్రాంచి ఉంది. వాటిల్లో డయలోగ్ ఇన్ డాయిచ్ అని ఒకటి నడుపుతారు, జర్మన్ మాట్లాడ్డం ప్రాక్టీస్ చేసుకునే గ్రూపు, వారానికో గంట, ఫ్రీ, పేరు నమోదు కూడా అక్కర్లేదు, వెళ్ళి కూచోడమే. నడిపేవాళ్ళు వాలంటీర్లు, ఎక్కువగా రిటైరైన వాళ్ళు. క్లాసు కాదది, పరీక్షా లేదు, నీకు వచ్చిన నాలుగు ముక్కల్తో మాట్లాడతావు, పక్కన సిరియా అబ్బాయి, ఆ పక్కన పోలండ్ ఆవిడ, ఘనా ఆయన, అందరూ తప్పులే. నేను మొదటి రోజు వెళ్ళి నా పేరు, మా ఊరు గోదావరి అని రెండు వాక్యాలు చెప్పి చెమటలు పట్టేసి ఇంటికొచ్చి పడుకున్నాను. రెండో వారం వెళ్ళకూడదనుకున్నాను, మా ఆయన గొడవ పెట్టి పంపించేరు. నాలుగో నెలలో అనుకుంటా నాకు ఫ్లూ వచ్చి ఒక మంగళవారం వెళ్ళలేదు, ఆ తర్వాత వారం తలుపు తియ్యగానే ఆ గ్రూపు నడిపే పెద్దాయన పోయిన వారం రాలేదేం, ఒంట్లో బాలేదా అని అడిగేరు. చాలా మామూలుగా అడిగేరు పాపం, ఆయనకి తెలీదు నేను టాయిలెట్‌లోకెళ్ళి ఏడ్చేనని.

నువ్వు లేసు సంగతి ఉత్తరం చివర్లో ఊరికే పడేసేవు గానీ అదే నీ పెద్ద ఆస్తి. నరసాపురం లేసుకి 2024లో జిఐ ట్యాగ్, అదే ఫలానా ఊరి సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు, కూడా ఇచ్చేరు, మీ అమ్మమ్మకి చెప్పు, ఆవిడకి తెలీకపోవచ్చు, తెలిసినా దాని వల్ల రేటు పెరిగిందా అని అడుగుతుంది, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. జర్మనీలో సూది పట్టుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు కూడా, తెగ ఉంటారు. క్రోషే పనిని హేకెల్న్ అంటారు. పేటల్లో కమ్యూనిటీ హాళ్ళలో, చర్చి హాళ్ళలో, దారాలమ్మే షాపుల్లో వారానికోసారి కూచుని అల్లుకునే గుంపులుంటాయి. అక్కడ నోరు రాకపోయినా చెయ్యి మాట్లాడుతుంది. భాష క్లాసులో నువ్వు వెనక బెంచీ, ఇక్కడ నువ్వు టీచరమ్మవి, వాళ్ళు నీ చేతివేగం చూసి కళ్ళప్పగించేస్తారు. కాబట్టి ఈ మూడు వారాల్లో అమ్మమ్మ పక్కన కూచోవడం మానకు, దిగులుతో కూచోకు, పనిలా కూచో. నీకు రాని డిజైన్లు రెండు నేర్చుకో, సన్నదారం ఉండలు, మంచి సూదులు నాలుగు చెకిన్ బ్యాగులో పడెయ్, అమ్మమ్మ చేతులు దగ్గర్నించి వీడియో తియ్, మొహం అక్కర్లేదు, చేతులు చాలు.

ఇప్పుడు ఆ కింద ఫ్లోర్ ఆవిడ. నువ్వు తిట్టడం అన్నావు, నేను నమ్మను. అంటే తిట్టలేదని కాదు, మనకది తిట్టులా వినిపిస్తుంది. మనమైతే ఎదురింటావిడ చెత్త తప్పుగా వేస్తే ఆవిడతో తప్ప వీధిలో అందరితోనూ చెప్తాం, వాళ్ళు ఆవిడతో మాత్రమే చెప్తారు, మొహం మీద, నవ్వకుండా. చెప్పేసేక వాళ్ళ లెక్కలో విషయం అయిపోయినట్టే, మర్నాడు మెట్ల మీద ఎదురైతే మామూలుగా పలకరిస్తారు. నువ్వేమో తల దించుకుని వెళ్ళిపోయి ఉంటావు, అవునా? హాంబుర్గ్‌లో డబ్బాలు గుర్తుపెట్టుకోవడం నిమిషం పని: కూరగాయ తొక్కలు ఆకుపచ్చ డబ్బా, కాగితాలు నీలం, ప్లాస్టిక్ ప్యాకింగులు పసుపు, మిగతాదంతా నలుపు. గాజు సీసాలు బయట రోడ్డు మీద రంగుల్ని బట్టి వేరే పెట్టెల్లో, అదీ ఆదివారం వెయ్యకూడదు, చప్పుడవుతుందని. డిపాజిట్ ఉన్న ప్లాస్టిక్ బాటిళ్ళు మాత్రం పారెయ్యకు, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు సూపర్‌మార్కెట్ మెషీన్ తిరిగిస్తుంది. వెళ్ళిన మర్నాడే ఒక ప్లేట్‌లో ఏదైనా స్వీటు పెట్టుకుని ఆవిడ తలుపు కొట్టు, మోయిన్ అను, అక్కడ పొద్దున్నైనా రాత్రైనా అదే పలకరింపు, ఏ కాలంలోనైనా చెల్లిపోతుంది, చెత్త ఏది ఎందులో వెయ్యాలో నాకు చూపిస్తారా అని అడుగు. జర్మన్ ముసలమ్మలకి రూల్ నేర్పించడం కన్నా సంతోషం ఇంకోటి లేదు.

నా ముసలమ్మ కథా ఇలాంటిదే, ఇదే లంక కథ కూడా. మా కిందింటావిడ ఒక రాత్రి పదిన్నరకి పైకొచ్చింది, నేను మిక్సీలో మినప్పప్పు రుబ్బుతున్నాను. రాత్రి పది నించి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్దం అని తెలీదు నాకు, పప్పు నానింది కదా అని వేసేసేను. ఆవిడ వాచీ చూపించి ఏదో అని వెళ్ళిపోయింది. మర్నాడు ఇడ్లీలు పట్టుకెళ్ళి సారీ చెప్పేను. ఇడ్లీ ఆవిడకి నచ్చలేదు, ఆ మాట కూడా మొహం మీదే చెప్పింది, ఉప్పు లేని స్పాంజిలా ఉందంది. కానీ కాఫీ ఇచ్చింది. వాళ్ళ హాల్లో గోడ మీద ఒక పాత ఫోటో, వీధి నిండా నీళ్ళు, పడవలు. ఏవిటిది అన్నాను.

1962 ఫిబ్రవరి 16 రాత్రి. సముద్రంలో తుఫాను లేచి ఎల్బే నది వెనక్కి ఎగదన్ని ఏటిగట్లు తెగిపోయేయి. హాంబుర్గ్‌లో 315 మంది చచ్చిపోయేరు, అందులో రెండొందల మందికి పైగా నువ్వుండే విల్‌హెల్మ్స్‌బుర్గ్ వాళ్ళే. యుద్ధం తర్వాత ఇళ్ళు లేక తోటల్లో చిన్న చిన్న షెడ్లు వేసుకుని ఉండేవాళ్ళు చాలామంది, నిద్రలోనే పోయేరు. ఆవిడకప్పుడు తొమ్మిదేళ్ళు, రాత్రంతా అటక మీద కూచున్నారట. అప్పటి హాంబుర్గ్ పోలీసు వ్యవహారాలు చూసే మంత్రిలాంటాయన హెల్మూట్ ష్మిట్ మిలటరీని, హెలికాప్టర్లని పిలిపించి జనాన్ని తీయించేరు, ఆయనే తర్వాత 1974లో దేశానికి చాన్సలర్ అయ్యేరు. నేను నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో, చేతులూపుకుంటూ, 1996 నవంబర్ 6 తుఫాను చెప్పేను. మా పుట్టిల్లు అమలాపురం పక్కన. ఆ రాత్రి గాలి ఈల, తెల్లారి లేచేసరికి కొబ్బరిచెట్లు ఒక్కటి నిలబడి లేదు, మా నాన్న ఆ తోటలోకెళ్ళి కూచుని మధ్యాహ్నం దాకా రాలేదు. ఆవిడకి కొబ్బరిచెట్టు అంటే సినిమాల్లో చూసిందే, కానీ మా నాన్న కూచోడం మటుకు అర్థమైపోయింది. ఆ రోజు నించి, ఇల్లు మారేక కూడా, మేం తిరిగొచ్చేసేదాకా ఆవిడే నా చుట్టం.

లంక ఎందుకంటున్నానంటే, మ్యాప్ తీసి చూడు. ఎల్బే నది మీ ఏరియా ముందు రెండు పాయలవుతుంది, ఉత్తరం పాయ, దక్షిణం పాయ, మళ్ళీ కలుస్తాయి, ఆ మధ్యలోది విల్‌హెల్మ్స్‌బుర్గ్. గౌతమికీ వశిష్టకీ మధ్య కోనసీమ ఎలాగో అలాగ, కాకపోతే చిన్నది. సముద్రం ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నా పోటూ పాటూ హాంబుర్గ్ దాకా వస్తాయి, రోజుకి రెండుసార్లు, మూడున్నర మీటర్లకి పైనే లేస్తుంది నీరు, మన నరసాపురం రేవులో చూసేదాని కన్నా చాలా ఎక్కువ. చుట్టూ గడ్డి వేసిన ఏటిగట్టు, దాన్ని డైష్ అంటారు, దాని మీద గొర్రెలు మేస్తుంటాయి. నువ్వు నాలుగో ఫ్లోర్ కిటికీలోంచి మనిషి కనపడట్లేదని కూచున్నావు, ఆ గట్టెక్కి నడిస్తే నీకు తెలిసిన వాసన తగులుతుంది, బురద, నీరు, నాచు.

శనివారం మీ ఆయన్ని లాక్కుని ట్రైనెక్కి లాండుంగ్స్‌బ్రూకెన్ రేవుకి వెళ్ళు. అక్కణ్ణించి 62 నంబరు ఫెర్రీ ఫింకెన్‌వెర్డర్‌కి వెళ్తుంది, టూరిస్టు బోటు కాదది, సిటీ బస్సులాంటిదే, బస్సు పాస్ చెల్లుతుంది. దేశమంతా చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకునుంటారు కదా, 2023లో 49 యూరోలకి పెట్టి 2026 వచ్చేసరికి 63 చేసేరు, అయినా దానికది గిట్టుబాటే. ఫింకెన్‌వెర్డర్ మీ ఆయన ఫ్యాక్టరీ వైపే, ఆయనకి రోజూ చూసే నీళ్ళు కాబట్టి ఏముందీ అంటారు, అననీ. పై డెక్ మీద నిలబడు. నరసాపురంలో మాధవాయిపాలెం రేవులో పంటెక్కి, అదే బళ్ళూ మనుషులూ గోదారి దాటే పడవ, సఖినేటిపల్లి వెళ్తున్నట్టే ఉంటుంది, మోటార్‌సైకిళ్ళ బదులు సైకిళ్ళు, మల్లెపూల బదులు డీజిల్ వాసన. దిగేక బస్సెక్కి ఇంకొంచెం లోపలికెళ్తే ఆల్టెస్ లాండ్ అని ఊళ్ళొస్తాయి. నేల నదికన్నా పల్లం, తోటకీ తోటకీ మధ్య బోదెలు, కాలవలు, గట్లు, అంతా మనదే, కొబ్బరి బదులు యాపిల్. ఏప్రిల్ ఆఖర్న, మేలో ఆ చెట్లన్నీ తెల్లగా పూస్తాయి. నేను మొదటిసారి అక్కడ ఒక బోదె పక్కన కూచుని, దీన్ని తవ్విన వాడికీ మన కాలవలు తవ్విన వాళ్ళకీ ఒకటే గొడవ కదా, నీళ్ళెటు పంపాలి అని, అనుకున్నాను.

అమ్మతో వీడియో కాల్. ఇది చెప్తే నీకు నచ్చదు. రోజంతా ఫోను బియ్యండబ్బాకి ఆనించి పెట్టుకున్నంత కాలం నువ్వు మొగల్తూరు వంటింట్లోనే ఉన్నావు, ఒళ్ళు మాత్రం అక్కడుంది. అమ్మకీ మంచిది కాదది, ఆవిడ సీరియల్ చూసుకోవాలి, పక్కింటికెళ్ళాలి, నువ్వు ముక్కు చీదితే ఆవిడకి రోజంతా అన్నం సయించదు. మానెయ్యమనట్లేదు, టైము పెట్టు. అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పణ్ణించి మార్చి ఆఖరి ఆదివారం దాకా మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. అక్కడ మధ్యాహ్నం మూడున్నర అంటే ఇక్కడ రాత్రి ఎనిమిది, అమ్మ పని కట్టేసుకుని కూచునే టైము, నీకేమో చీకటి పడబోయే టైము, మనసు జారేది సరిగ్గా అప్పుడే. ఆ అరగంట అమ్మది. పొద్దున్న పదకొండు నించి రెండు దాకా మటుకు ఫోను లేకుండా బయటే ఉండు, వానైనా సరే, చలికాలంలో ఉన్న వెలుగంతా ఆ మూడు గంటల్లోనే. విటమిన్ డి సంగతి అక్కడ డాక్టర్ని అడుగు, మనవాళ్ళు చాలామందికి తగ్గిపోతుంది.

డాక్టరు అంటే గుర్తొచ్చింది, టీ తాగి పడుకోమనడం అక్కడ వైద్యమే, నిన్ను చులకన చెయ్యడం కాదు. జ్వరానికి సూదిమందూ, యాంటీబయాటిక్కూ మనకలవాటు, వాళ్ళు మూడ్రోజులు చూస్తారు. ఊరికే ఉన్నప్పుడే దగ్గర్లో ఒక ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు రాయించుకో. రాత్రిపూట, సెలవు రోజుల్లో డాక్టరు కావాలంటే 116117, ప్రాణం మీదకొస్తే 112. ఫోన్లో సేవ్ చేసుకో, అంతే.

వంట. చేపల పులుసు పెట్టుకో. హాంబుర్గ్‌లో చేపల వాసనకి భయపడ్డం అంటే నరసాపురంలో భయపడ్డమే. కాకపోతే కిటికీలు బార్లా తెరిచి పది నిమిషాలుంచు, చలికాలంలోనూ, రోజుకి రెండు మూడుసార్లు. వాసనకోసమే కాదు, మన కుక్కరు ఆవిరి, ఇడ్లీ ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు, అన్నీ కలిసి చల్లగోడల మీద బూజు పట్టిస్తాయి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడేది అక్కడే. ఇక చేపలంటావా, పులస దొరకదు, దాని దూరపు చుట్టం హెరింగ్ దొరుకుతుంది, ముళ్ళు కూడా అదే తీరు. అసలు చెప్పాల్సింది స్టింట్ గురించి. వేలెడంత చేప, సముద్రంలోంచి ఎల్బేలోకి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వస్తుంది, మన పులస వరద గోదాట్లోకి వచ్చినట్టు, కాకపోతే ఫిబ్రవరి మార్చిల్లో. పచ్చిగా ఉన్నప్పుడు దోసకాయ వాసనొస్తుంది, నిజంగా. వాళ్ళు రై పిండిలో దొర్లించి వేయించుకుని తలకాయ తప్ప మొత్తం తినేస్తారు, నేను పరిగెల్లాగా ఉప్పూ కారం పసుపూ పట్టించి వేయించేను, కిందింటావిడ ఈసారి ఇంకో ప్లేటు అడిగింది. ఈ మధ్య ఎల్బేలో స్టింట్ బాగా తగ్గిపోయింది, పులస లాగే, కనిపిస్తే వదలకు.

ఆదివారం ఊరు చచ్చిపోయినట్టుంటుంది అన్నావు కదా, కొట్లన్నీ మూసేస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది. నువ్వు లేచేది తొమ్మిదికి, ఊరు బతికుండేది అంతకు ముందు. ఆల్టోనా వైపు ఎల్బే ఒడ్డున ఆదివారం తెల్లారగట్ల చేపల సంత, 1703 నించి నడుస్తోంది, వేసవిలో ఐదింటికి, చలికాలంలో ఏడింటికి మొదలు, తొమ్మిదిన్నరకి కట్టేస్తారు. అమ్మేవాళ్ళు అరటి గెలలు, చేపలు విసిరేస్తూ కేకలు పెడుతుంటే నీకు ప్రాణం లేచొస్తుంది, ఒక్క బేరం మాత్రం మనంత ఆడరు. ఆ తర్వాత ఇంటికొచ్చి పడుకుంటే ఊరు నిద్రపోతోందన్న బాధుండదు, నువ్వూ నిద్రపోతుంటావు.

పులుపుకి గోంగూర దొరక్కపోతే వసంతంలో సావర్ అంప్ఫర్ అని ఒక ఆకొస్తుంది, మన చుక్కకూర జాతే, పప్పులోకి అచ్చం సరిపోతుంది. ఏప్రిల్ నించి జూన్ దాకా రుబార్బ్ కాడలు, పచ్చడికి దివ్యంగా ఉంటాయి, కానీ కాడే, ఆకు తినకూడదు, విషం. మెయిన్ స్టేషన్ పక్కన స్టైన్‌డమ్ వీధిలో టర్కీ, అఫ్గాన్ కొట్లలో వంకాయలు, కొత్తిమీర కట్టలు, పప్పులు ఇక్కడిలాగే రాశులు పోసి ఉంటాయి.

సామాన్లు సర్దేటప్పుడు గుర్తుపెట్టుకో, యూరప్‌లోకి మాంసం, పాల వస్తువులు తీసుకెళ్ళకూడదు, అంటే అమ్మ కాచిన నెయ్యి, నాటుకోడి పచ్చడి, రెండూ పోయినట్టే, ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో వేస్తుంటే చూడలేవు. నెయ్యి అక్కడే కాచుకో, ఉప్పులేని వెన్న 250 గ్రాముల కట్ట ఏ షాపులోనైనా దొరుకుతుంది, కమ్మగా వస్తుంది. పచ్చి కరివేపాకు, పండ్లు, కాయలు సర్టిఫికెట్ లేకుండా తేనివ్వరు, కానీ మన అదృష్టం, ఆ రూలు వర్తించని ఐదు పండ్లలో కొబ్బరికాయొకటి, అరటిపండొకటి, కోనసీమ వాళ్ళని అడిగి రాసేరేమో అనుకున్నాను. అయితే కురిడీలు మటుకు పెట్టకు, ఎండుకొబ్బరి వేడెక్కి అంటుకుంటుందని విమానాల్లో ఒప్పుకోరు. ఆవకాయ, మాగాయ, కారప్పొడులు సరే, రెండు కవర్లు ఎక్కువ చుట్టు, నా నీలం చీర గతి నీ బట్టలకి పట్టకూడదు.

సర్టిఫికెట్లు మర్చిపోకు. డిగ్రీ ఒరిజినల్, మార్కుల లిస్టులు, స్కూలువాళ్ళ దగ్గర ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తేదీలతో, సంతకంతో. భార్యగా ఇచ్చిన రెసిడెన్స్ కార్డు మీద నువ్వు ఉద్యోగం చెయ్యొచ్చు, నీ కార్డు మీద ఎర్‌లౌబ్ట్ అన్న మాట ఉందేమో తీసి చూడు, అనుమతి ఉందని. చాలామంది ఆడపిల్లలకి ఈ సంగతి ఏళ్ళ తరబడి తెలీదు, మొగుళ్ళకీ తెలీదు, తెలిసినా చెప్పరు. స్కూల్లో టీచరు ఉద్యోగం మాత్రం వెంటనే అనుకోకు, వాళ్ళ రూల్స్ చాలా పొడుగు. ముందు భాష, ఇంటిగ్రేషన్ కోర్సని ఉంటుంది, 600 క్లాసులు భాష, 100 క్లాసులు దేశం గురించి, బి1 దాకా, అంటే రోజువారీ మాటలు సొంతంగా నడుపుకునే స్థాయి దాకా, తీసుకెళ్తుంది, నీకు సీటిస్తారా అని అక్కడ ఆఫీసులో అడుగు, కుదరకపోతే ఫోక్స్‌హోఖ్‌షూలె అనే పెద్దవాళ్ళ బళ్ళో డబ్బు కట్టి చేరు. బి1 వచ్చేక పిల్లలకి లెక్కల ట్యూషన్, మేథ్స్ టీచరుకి ఏ దేశంలోనూ పిల్లలు దొరక్కపోవడం ఉండదు.

ఈ మూడు వారాల్లో అంకెలు నేర్చేసుకో. లెక్కల టీచరువి కాబట్టి చెప్తున్నాను, జర్మన్‌లో ఇరవై ఐదు అనరు, ఐదూ ఇరవై అంటారు, ఒకట్ల స్థానం ముందు. ఫోన్ నంబరు చెప్తుంటే చెయ్యి వెనక్కీ ముందుకీ వెళ్తుంటుంది. తోడికోడళ్ళ పిల్లల్ని కూచోబెట్టి ఎక్కాలు ఆ లెక్కన చెప్పించు, నవ్వుకుంటూ వచ్చేస్తుంది. ఇంకోటి మనకి సుఖం, వాళ్ళకీ మీరు, నువ్వు ఉన్నాయి, జీ అంటే మీరు, డూ అంటే నువ్వు. కొత్తవాళ్ళని, పెద్దవాళ్ళని జీ అనాలి, డూ అనుకుందాం అని పెద్దవాళ్ళే ముందు చెప్పాలి. ఇంగ్లీషు వాళ్ళకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు, మనకి నేర్పక్కర్లేదు. మా కిందింటావిడ నాకు రెండేళ్ళకి డూ ఇచ్చింది, కాఫీ కాదు, ఆ రోజు వైన్ పోసింది, నేను తాగలేదు, పట్టుకుని కూచున్నాను.

అక్కడ మన తెలుగువాళ్ళు బోల్డంతమంది, ఉగాది, సంక్రాంతి చేసుకుంటారు, వెళ్ళు, పులిహోర తిను. కానీ అదొక్కటే పెట్టుకోకు, ఆ గ్రూపుల్లో ఇళ్ళెవరు కొన్నారు, ఎవరి వీసా ఏమైంది అనే మాటలే సగం, ఇంటికొచ్చేక ఇంకా ఒంటరిగా అనిపించిన రోజులు నాకున్నాయి. అమ్మవారి గుడికెళ్ళాలనిపిస్తే హామ్ అనే ఊళ్ళో శ్రీలంక తమిళులు 2002లో కట్టించిన కామాక్షి అమ్మవారి గుడి ఉంది, గోపురం అదీ మన పద్ధతే. హాంబుర్గ్‌లోనే హామ్ అని ఒక పేటుంది, అదనుకుని మేం ఒకసారి పూలు కొబ్బరికాయా పట్టుకుని అక్కడ దిగి అరగంట వెతికేం. అది కాదు, ఆ హామ్ వేరే రాష్ట్రంలో ఉంది, ట్రైన్లో వెళ్ళాలి.

వెళ్ళేలోపు ఒకరోజు అమ్మమ్మని తీసుకుని నరసాపురం వెళ్ళు, మాధవాయిపాలెం రేవులో వరద తగ్గి పంటు తిరుగుతుంటే ఎక్కి అవతల సఖినేటిపల్లి దాకా వెళ్ళి రా. మొత్తం వీడియో తీసుకో, బళ్ళెక్కించడం, పూలమ్మే ఆవిడ, గట్టు దూరమవడం. లైబ్రరీ గ్రూపులో మొదటి రోజు మీ ఊరెలా ఉంటుందంటే నోరు రాదు, అది చూపించు. అంత చిన్న పడవ మీద అన్ని మోటార్‌సైకిళ్ళా, పడిపోవా అని అడుగుతారు. పడిపోవు అని జర్మన్‌లో ఎలా అనాలో ఇప్పుడే చూసిపెట్టుకో.